చందమామకు మార్కులెవరు వేయాలి?

1970లో అమెరికాలో రెండు రచనలు అచ్చయ్యాయి. ఒకటి జార్జ్ ఏకర్‌లాఫ్ అనే ఆర్థికశాస్త్రవేత్త సెకండ్ హ్యాండ్ కార్ల బజారు మీద రాసిన పదమూడు పేజీల వ్యాసం. రెండోది రాబర్ట్ ఓవర్‌స్ట్రీట్ అనే ఆయన పాత కామిక్ పుస్తకాలకి కూర్చిన ధరల పట్టిక. మొదటిది యూనివర్సిటీ వాళ్ళు చదివే పత్రికలో వచ్చింది. రెండోది కామిక్స్ పిచ్చి ఉన్నవాళ్ళ కోసం. కానీ రెండిటి వెనకా ఉన్న చిక్కు ఒకటే: సరుకులో ఉన్న లోపం అమ్మేవాడికి తెలిసి, కొనేవాడికి తెలియకపోతే ఏమవుతుంది?

ఏకర్‌లాఫ్ చెప్పిన జవాబు మనసుకి చేదుగా ఉంటుంది. కొనేవాడు ఏది మంచిదో ఏది డొక్కుదో తేల్చుకోలేడు కాబట్టి అన్నిటికీ మధ్యరకం ధరే ఇస్తానంటాడు. ఆ ధరకి మంచి కారున్నవాడు అమ్మడు. మిగిలేవి డొక్కు కార్లే. మోసగాళ్ళు కొందరే అయినా, వాళ్ళ మూలాన నిజాయితీపరులు బజారు వదిలిపోతారు. ఈ వ్యాసానికి గాను 2001లో ఆయనకి నోబెల్ వచ్చింది. చాలామంది గమనించని సంగతేంటంటే, ఆయన దీనికి ముందు 1967-68లో ఒక ఏడాది ఢిల్లీలో ఉన్నాడు. వ్యాసంలో మన ఇళ్ళ ప్రస్తావన కూడా ఉంది. ఇక్కడి ఆడవాళ్ళు బజారు బియ్యంలో కావాలని కలిపిన, అదే రంగు అదే ఆకారం ఉన్న రాళ్ళని ఏరుకోవాల్సి వస్తుందని రాశాడు. మన అమ్మమ్మలు చేట ముందేసుకుని చేసిన పని అన్నమాట, ఆర్థికశాస్త్రంలోకి ఎక్కింది.

మాది ముదిగుబ్బ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం మెట్టలో, కదిరికి పోయే రోడ్డు మీద ఊరు. మా దగ్గర ఈ పాఠం శెనక్కాయల మూట దగ్గర నేర్చుకుంటారు. కొనడానికి వచ్చినాయన పైనున్న కాయలు చూడడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి లోపల్నుంచి పిడికెడు తీస్తాడు. వలుస్తాడు. తాలెంత, పప్పెంత, తడి ఎంత అని చూసి అప్పుడు ధర మాట ఎత్తుతాడు. రైతు పక్కనే నిలబడి ఉంటాడు. పిడికెడులో తాలు ఎక్కువ వస్తే "ఇంకో మూట చూడప్పా" అంటాడు. ఇద్దరూ సరుకుని ముట్టుకోగలరు, ఇద్దరికీ వల్చడం తెలుసు. కాబట్టి మూడో మనిషి అక్కర్లేదు.

సరుకు పోస్టులో వచ్చేదైతే మూడో మనిషి కావాల్సి వస్తుంది. అమెరికాలో కామిక్స్ గ్రేడింగ్ చరిత్ర అంతా ఈ మూడో మనిషి చరిత్రే.

డబ్బాలోకి ఎలా వెళ్ళింది

1938లో సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక ధర 10 సెంట్లు. పిల్లలు చదివారు, చింపారు, మార్చుకున్నారు. యుద్ధకాలంలో పాత కాగితం పోగుచేసినప్పుడు బోలెడన్ని కామిక్స్ అందులో కలిసిపోయాయి. ఆ పిల్లలు పెద్దయ్యాక డబ్బులిచ్చి అవే వెతుక్కోవడం మొదలుపెట్టారు. అమ్మకాలు ఎక్కువగా ఉత్తరాల మీద నడిచేవి. ప్రకటనలో 'గుడ్', 'ఫైన్', 'మింట్' అని రాసేవాళ్ళు. కానీ ఒకడి 'ఫైన్' ఇంకొకడికి 'గుడ్' కూడా కాదు. ఓవర్‌స్ట్రీట్ పట్టిక ఈ మాటలకి అందరూ ఒప్పుకునే అర్థాలు, ధరలు ఇవ్వబోయింది. మాటల అర్థం కుదిరినా, ఆ మాట వేసేది మాత్రం అమ్మేవాడే.

నాణేలవాళ్ళు ఈ దారిలో ముందున్నారు. విలియం షెల్డన్ అనే ఆయన 1949లోనే పాత రాగి నాణేలకి 1 నుంచి 70 దాకా మార్కులు వేసే పద్ధతి పెట్టాడు. 1986లో అమెరికాలో ఒక కంపెనీ నాణెం తీసుకుని, మార్కు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో మూసి ఇవ్వడం మొదలుపెట్టింది. 1991లో బేస్‌బాల్ కార్డులకి పి.ఎస్.ఏ. వచ్చింది. 2000లో కామిక్స్‌కి సి.జి.సి. వచ్చింది.

పని పద్ధతి బాగానే ఆలోచించారు. కొనే, అమ్మే వ్యాపారంతో సంబంధం లేనివాళ్ళు చూడాలి. ఒకరికి మించి చూడాలి. పేజీలు లెక్కపెట్టాలి. వెన్ను మీద మడతగీతలు, మూలల అరుగుదల, పిన్నుల తుప్పు, కాగితం రంగు చూడాలి. రంగు పూశారా, అంచులు కోశారా, ఇంకో ప్రతి నుంచి పేజీ తెచ్చి అతికించారా అని వెతకాలి. ఆ తర్వాత 0.5 నుంచి 10 వరకు ఒక మార్కు. బాగుచేసిన ప్రతికి వేరే రంగు చీటీ. చివరగా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో మూసి, మీద నంబరు వేస్తారు. ఆ నంబరుని ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఇప్పుడు మన బంగారం మీద వేస్తున్న ఆరక్షరాల హాల్‌మార్క్ సంఖ్య చేసే పని కూడా దాదాపు ఇదే.

ఫలితం? 2014లో 9.0 మార్కు వచ్చిన యాక్షన్ కామిక్స్ మొదటి సంచిక ఈబేలో 32 లక్షల డాలర్లకి పోయింది. 2024లో 8.5 మార్కు ప్రతి ఒకటి 60 లక్షల డాలర్లు పలికింది. చేత్తో పట్టుకుని చూడకుండానే అంత డబ్బు చేతులు మారుతోందంటే, ఏకర్‌లాఫ్ చిక్కుకి ఒక జవాబు దొరికినట్టే.

అయితే ఇంజనీరుగా నాకు రోజూ ఎదురయ్యే విషయం ఒకటుంది. టెస్టులన్నీ పాసయ్యాయంటే, మనం రాసిన టెస్టులు పాసయ్యాయని అర్థం. అంతవరకే.

మార్కు వేసిన చోటే మోసం

పి.ఎస్.ఏ. మొట్టమొదట మార్కు వేసిన కార్డు హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడిది. 8 మార్కులు. దాని అంచులు అంత పదునుగా ఉండటం ఏమిటని ఏళ్ళ తరబడి గుసగుసలు నడిచాయి. 2007లో అది 28 లక్షల డాలర్లకి అమ్ముడైంది. 2013లో ఒకప్పుడు దాన్ని అమ్మిన వేలందారు బిల్ మాస్ట్రో, అంచులు తనే కోశానని కోర్టులో ఒప్పుకున్నాడు. అంచులు కోసిన కార్డుకి అసలు మార్కే వేయకూడదన్నది రూలు.

2023 చివర్లో కామిక్స్ వైపు ఇంకో గొడవ. డబ్బా గీతలు పడితే కొత్త డబ్బా వేసి ఇచ్చే సౌకర్యం ఒకటుంది. డబ్బా తెరిచి, ఎక్కువ మార్కు చీటీతో తక్కువరకం పుస్తకం పెట్టి, దాన్ని కొత్త డబ్బా కోసం పంపితే? అలాంటి మార్పిడి జరిగిందని బయటపడింది. అనుమానం ఉన్న ప్రతుల నంబర్లు కంపెనీయే ప్రకటించాల్సి వచ్చింది. కొనేవాళ్ళు పుస్తకాన్ని చూడటం మానేసి చీటీని చూడటం అలవాటు చేసుకున్నారు. మోసగాడు సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టాడు.

దీనికంటే చవకైన మోసం ఒకటుంది, గ్రేడింగ్ కంటే పాతది. 1974లో డి.సి. కంపెనీ యాక్షన్ కామిక్స్ మొదటి సంచికని ఉన్నదున్నట్టు, లోపలి ప్రకటనలతో సహా, పెద్ద సైజులో మళ్ళీ వేసింది. పైన 'పునర్ముద్రణ' అని తెలిపే వేరే అట్ట ఉండేది. ఆ అట్ట చింపేసి లోపలిదాన్ని అసలుదని అమ్మిన ఘనులున్నారు. పట్టుకోవడానికి నిపుణులు అక్కర్లేదు. స్కేలు పెట్టి కొలిస్తే చాలు, అసలుది అంత పెద్దగా ఉండదు.

ఈ మూడు కథల నుంచి నేను తీసుకునేది ఒకటే. మార్కు నమ్మకాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరుపుతుంది తప్ప, కొనేవాడి కళ్ళకి సెలవివ్వదు.

ఇంకో తమాషా. 1992లో సూపర్‌మ్యాన్ చనిపోయే 75వ సంచికని నల్ల సంచిలో సీలు వేసి అమ్మారు. జనం రెండేసి మూడేసి కొన్నారు. సంచి విప్పకుండా దాచారు, ముందుముందు లక్షలొస్తాయని. అందరూ దాచారు కాబట్టి ఇప్పటికీ కుప్పలుగా దొరుకుతుంది, ధర లేదు. 1938 ప్రతి దొరకదు. ఎందుకంటే దాన్ని చదివారు.

మన బజారు

ఇదంతా మనకెందుకంటే, పాత చందమామలు ఇప్పుడు ఆన్‌లైన్ అమ్మకాల్లో 'రేర్', 'మింట్' అనే చీటీలతో కనిపిస్తున్నాయి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం దొరికే వాటికి కూడా ఆ మాటలు అంటుకుంటున్నాయి. చందమామ కామిక్ కాదు, బొమ్మల కథల పత్రిక. తెలుగులో సిసలైన కామిక్ అంటే బుజ్జాయి డుంబు గుర్తొస్తాడు, అమర్ చిత్రకథ తెలుగు ప్రతులు గుర్తొస్తాయి. కానీ చిన్నప్పటి పుస్తకాన్ని పెద్దయ్యాక డబ్బిచ్చి కొనుక్కునే ఆ ఆరాటం మన దగ్గర ముందు చుట్టుకున్నది చందమామనే.

నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మద్రాసులో తెలుగు, తమిళ చందమామలు మొదలుపెట్టారు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా దాన్ని నడిపించిన కలం కొడవటిగంటి కుటుంబరావుది. చిత్రా, వడ్డాది పాపయ్య, శంకర్ బొమ్మలు. 1998లో ఆగి, ఏడాది దాటాక మళ్ళీ మొదలై, 2007లో చేతులు మారి, ఆ తర్వాత కొన్నేళ్ళకి పూర్తిగా ఆగిపోయింది.

మరి కొనేవాళ్ళు ఏం చూడాలి? మన బజారులో మార్కులేసే మూడో మనిషి లేడు. కానీ చందమామ ఒంటి మీదే బోలెడు సాక్ష్యాలున్నాయి.

ధర చూడండి. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి కొత్త పైసలొచ్చాయి. 1964 జూన్ దాకా వాటిని 'నయా పైసలు' అన్నారు. 1953 నాటిదని చెప్పే సంచిక మీద ధర నయా పైసల్లో ఉంటే అక్కడితో మాటలు ఆపేయొచ్చు. చిరునామా చూడండి. పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. అంతకుముందు వడపళని అంటే 'మద్రాసు-26' మాత్రమే. అరవైల నాటిదన్న ప్రతి మీద ఆరంకెల కోడ్ ఉంటే అది అరవైలది కాదు. 'చెన్నై' అని ఉంటే 1996 తర్వాతిది.

పాత సీరియళ్ళని చందమామ తర్వాతి దశాబ్దాల్లో మళ్ళీ వేసింది. కాబట్టి దాసరి సుబ్రహ్మణ్యం సీరియల్ ఉన్నంత మాత్రాన అది మొదటిసారి వచ్చిన సంచిక అయిపోదు. నెల, సంవత్సరం చూసుకోవాలి. అట్ట చిరిగిన ప్రతుల్లో ముందు పోయేవి ఆ వివరాలే. అలాంటప్పుడు పైన చెప్పిన ధర, చిరునామా పద్ధతి అక్కరకొస్తుంది, లోపలి పేజీల్లో అవి మిగిలి ఉంటే.

పిన్నులు చూడండి. పాత పిన్ను తుప్పు పక్క కాగితంలోకి పాకి ఉంటుంది. మరక ఒకచోట, పిన్ను ఇంకోచోట ఉంటే విప్పి మళ్ళీ కుట్టారు. అంటే నడిమి పేజీలు ఇంకో సంచికవి కావచ్చు. పేజీ నంబర్లు వరసగా లెక్కపెట్టండి. రంగుబొమ్మని భూతద్దంలో చూడండి. పాత అచ్చు క్రమమైన చుక్కల వరసల్లా కనిపిస్తుంది. స్కాన్ ఫైలుకి ఇంక్‌జెట్ ప్రింటు తీస్తే చిందిన తుంపరలా ఉంటుంది.

అమర్ చిత్రకథలకైతే ప్రచురణకర్త పేరే చాలా చెప్తుంది. 1967లో అనంత్ పాయ్ సంపాదకుడిగా దీన్ని మొదలుపెట్టింది ఇండియా బుక్ హౌస్. 2007 నుంచి ఏ.సి.కె. మీడియా. ఆ రెండో పేరున్న పుస్తకం మీ అమ్మానాన్నల బాల్యం నాటిది కాలేదు. ఇంకో వింత, ఈ వరసలో 'కృష్ణ' నంబరు 11. మొదటి పది ఏవని వెతికితే సిండ్రెల్లా లాంటి పడమటి కథలు తేలతాయి. అవి మాకు కూతవేటు దూరంలోని బెంగళూరు నుంచి కన్నడంలో వచ్చినవి. అది తెలియనివాడికి, రాముడి కథ చూపించి 'ఒకటో నంబరు' అని అంటగట్టొచ్చు.

బైండు సంగతి

ఇక్కడిదాకా అమెరికా పద్ధతీ మన పద్ధతీ ఒకే దారిలో నడుస్తాయి. బైండు దగ్గర విడిపోతాయి.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, ఇంట్లో చందమామలు ఏడాదికొక బైండుగా ఉండేవి. కదిరిలో కట్టించినవి. బైండరు మూడువైపులా అంచులు కోసేశాడు. కొన్నిటికి అట్టలు లేవు. ఒక బేతాళుడికి ఎవరో బాల్‌పెన్నుతో కళ్ళజోడు పెట్టారు. ఒక బొమ్మ పక్కన మా అమ్మ పేరు, కింద 'ఆరో తరగతి' అని ఉంది. అమెరికా కొలతలో వీటికి వచ్చేవి అట్టడుగు మార్కులు. అంచు కోత ఒక దోషం, రాత ఒక దోషం, అట్ట లేకపోతే ఇక చెప్పక్కర్లేదు. కానీ అలా కుట్టించడం వల్లే అవి యాభై ఏళ్ళు బతికాయి. విడిగా ఉన్నవి చెదలకి పోయాయి, పొట్లాలకి పోయాయి. మా మెట్ట ఎండకి బూజు పట్టదు గానీ, కాగితం అప్పడంలా పెళుసెక్కుతుంది. దాన్ని పట్టి ఉంచింది కుట్టే.

ఇప్పుడు ఆ బైండ్లకి ఒక ప్రమాదం వచ్చింది. ఒక నగరంలో పాత పుస్తకాలు అమ్మే ఒకాయన నా ఎదురుగానే బైండు విప్పుతూ కనిపించాడు. అట్టలున్న సంచికల్ని విడదీసి ఒక్కోటి ప్లాస్టిక్ కవరులో పెడుతున్నాడు. అట్టల్లేనివి పక్కన కుప్ప. "వాటినేం చేస్తారన్నా?" అని అడిగాను.

"బొమ్మలు బాగున్నవి కోసి ఫ్రేములకిస్తాం సార్. మిగతావి ఏముంది, తూకానికే."

ఆయన్ని తప్పుపట్టను. అట్టకి వెయ్యి వచ్చి, కథకి ఏమీ రాని బజారులో ఎవరైనా అదే చేస్తారు. ఆ బజారు లెక్కే మార్చుకోవాలి.

ఎందుకంటే, ఆ 'మిగతావి' అంటే ఏంటో చూడండి. కుటుంబరావు చందమామలో రాసినవాటిలో చాలావాటి కింద ఆయన పేరు లేదు. దాసరి సుబ్రహ్మణ్యం దశాబ్దాల పాటు పేరు లేకుండానే సీరియళ్ళు రాశారు. ఎవరు ఏది రాశారు, ఏ కథ ఏ నెలలో వచ్చింది, ఏ బొమ్మ కింద ఎవరి సంతకం ఉంది, ఫోటో వ్యాఖ్యల పోటీలో ఏ ఊరి పిల్లలు గెలిచారు, ఏ సబ్బు ఏ పలకా అమ్మజూపారు, ఇవన్నీ తేల్చడానికి మిగిలిన సాక్ష్యం ఆ చిరిగిన లోపలి పేజీలే. ప్లాస్టిక్ డబ్బాలో మూసిన చందమామలో రెండు అట్టలే కనిపిస్తాయి. లోపల కథలున్నాయని చీటీ చెప్తుంది, మనం నమ్మాలి.

ఒకప్పటి పాఠకులే ఇళ్ళల్లో ఉన్న బైండ్లు స్కాన్ చేసి పంచుకున్నారు కాబట్టి ఈ మాత్రం మిగిలింది. చందమామ సొంత సైట్లో పాత సంచికలు కొంతకాలం ఉండేవి. పత్రికతో పాటు అదీ పోయింది. భారతి, ఆంధ్రపత్రికల వంటివి ప్రెస్ అకాడమీ స్కాన్ చేయబట్టి పరిశోధకులకి దక్కాయి. వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి కాపాడబట్టి అక్కడ పాత పత్రికలున్నాయి. వీటిలో ఏ ప్రతికీ 9.8 రాదు. కొన్నిటి మీద లైబ్రరీ ముద్ర ఉంటుంది, అమెరికా పద్ధతిలో అదీ దోషమే. నా లెక్కలో ఆ ముద్ర, ఈ పుస్తకం ఎక్కడినుంచి వచ్చిందో చెప్పే చిరునామా.

గ్రేడింగ్ వద్దనడం లేదు. చూడకుండా కొనేవాళ్ళకి అది రక్షణే. కానీ అమెరికా కొలతబద్దని తెచ్చి చందమామ మీద పెడితే, చదివిన ప్రతిని శిక్షించి, ముట్టని ప్రతికి బహుమతిస్తాం. మనకి కావాల్సింది అంకె కంటే నిజాయితీగా రాసిన నాలుగు వాక్యాలు. ఏ నెల ఏ సంవత్సరం సంచిక. ఎన్ని పేజీలుండాలి, ఎన్ని ఉన్నాయి. అట్ట, విషయసూచిక, ప్రకటనలు ఉన్నాయా. బైండు చేశారా, అంచు కోశారా, అతికించారా, ఎవరింటి నుంచి వచ్చింది. అమ్మేవాడు ఈ నాలుగూ రాసి, విషయసూచిక ఫోటో ఇస్తే ధర ఎక్కువైనా ఇద్దాం. 'మింట్' అని ఒక్క మాట రాసి ఊరుకుంటే పేజీలు లెక్కపెట్టి చెప్పమందాం. చెప్పకపోతే కొనొద్దు. బైండు విప్పకుండా అమ్మేవాడి దగ్గరే బేరం చేద్దాం. కొనేవాళ్ళు అడిగేదాన్ని బట్టే అమ్మేవాళ్ళు దాచేది మారుతుంది.

ఇళ్ళల్లో బైండ్లున్నవాళ్ళకి ఒక మాట. అమ్మకానికి పెట్టే ముందు, పాత పేపర్లవాడికి వేసే ముందు, ఒక ఆదివారం కూర్చుని ప్రతి సంచిక విషయసూచికా ఫోన్లో ఫోటో తీసి పెట్టండి. పన్నెండు సంచికల బైండుకి పావుగంట చాలు.